డొంకరాయి ఎండ: పరీక్షకూ ప్రాణానికీ పనికొచ్చే పాఠం

తూర్పు కనుమలంటే లంబసింగి చలే గుర్తొస్తుంది. కానీ సీలేరు నదిపై జలాశయం, జలవిద్యుత్ కేంద్రం ఉన్న డొంకరాయి ఊరు ఉన్నది లోయలో. లంబసింగి చల్లదనాన్ని ఇక్కడ ఆశించకూడదు. వేసవిలో జీడిపిక్కలు ఏరే, బీడీ ఆకు కోసే గిరిజనులు ఎండలోనే తిరగాలి. అందుకే పోటీ పరీక్షల్లో వచ్చే వడగాడ్పుల అంశాన్ని కేవలం మార్కుల కోసం చదవొద్దు.

భారత వాతావరణ శాఖ వడగాడ్పుగా పరిగణించాలంటే గరిష్ఠ ఉష్ణోగ్రత మైదానాల్లో కనీసం 40, తీరంలో 37, కొండ ప్రాంతాల్లో 30 డిగ్రీల సెల్సియస్ ఉండాలి. అభ్యర్థులు ఎక్కువగా తడబడేది ఈ 30 దగ్గరే. సాధారణం కంటే 4.5 నుంచి 6.4 డిగ్రీలు పెరిగితే వడగాడ్పు, 6.4 దాటితే తీవ్ర వడగాడ్పు. సాధారణంతో పోల్చకుండానే 45 చేరితే వడగాడ్పు, 47 చేరితే తీవ్రం.

2015 వేసవిలో వడగాడ్పులకు దేశంలో 2 వేల మందికి పైగా చనిపోయారు. అత్యధికులు తెలుగు రాష్ట్రాల వారే. ఇలాంటి మరణాలను తగ్గించడానికి అహ్మదాబాద్ 2013లోనే వేడి కార్యాచరణ ప్రణాళిక తెచ్చింది.

వడదెబ్బలో శరీర ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుతుంది, మాట తడబడుతుంది, స్పృహ తప్పవచ్చు. వెంటనే నీడకు చేర్చి, ఒళ్లంతా తడిపి గాలి విసరాలి. 108కి ఫోన్ చేయాలి. స్పృహ లేనివారి నోట్లో నీళ్లు పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పనికి తెల్లవారుజామునే వెళ్లి, పది గంటలకల్లా నీడ చేరడం మేలు. చోడి అంబలి, ఉప్పు వేసిన మజ్జిగ, ఓఆర్ఎస్ దాహం వేయకముందే తాగాలి.