చక్రముల విల్లు – తాతగారి విల్లు

విలువిద్య మన దేశమున మిక్కిలి ప్రాచీనమైనది. అర్జునుని గాండీవమును, ఏకలవ్యుని గురిని, కాళహస్తిలో శివుని కొలిచిన తిన్నని వేటను వినని తెలుగు బాలుడు ఉండడు. అయినను చేత నిజమైన విల్లు పట్టినవారు మనలో కొలదిమందియే. ఈ పాఠము వ్రాయుటకు ఒక విద్యార్థి వేసిన ప్రశ్న కారణము.

గత సంవత్సరము తొమ్మిదవ తరగతిలో నేను విలువిద్య పోటీల చిత్రమొకటి చూపితిని. అందు క్రీడాకారిణి చేతిలోని వింటికి రెండు కొనలయందును చక్రములున్నవి. అడవి అంచు పల్లెనుండి వచ్చు బాలుడొకడు లేచి, “మా తాత విల్లు ఇగ పొయ్యిలోకేనా, సార్?” అని అడిగెను. తరగతి అంతయు నవ్వెను. ఆ బాలుడును నవ్వెను గాని, పిదప తల వంచుకొని కూర్చుండెను. ఆ తల వంపు నాకు నచ్చలేదు. అతనికి ఆనాడు చెప్పలేకపోయిన సమాధానమును ఇప్పుడు అందరికిని చెప్పుచున్నాను.

విల్లు పనిచేయు తీరు

వింటిబద్దను వంచి దాని రెండు కొనలకును నారిని కట్టుదురు. నారికే అల్లెత్రాడు అని మరియొక పేరు. నారిని లాగినపుడు మన కండల శక్తి వంగిన బద్దలో నిలువయగును. విడిచినంతనే బద్ద తన పూర్వరూపమునకు వచ్చుచు ఆ శక్తిని బాణమునకిచ్చును. అందుచేతనే బాణము సంధింపక నారిని లాగి విడువరాదు. బాణమునకు పోవలసిన శక్తి బద్దమీదనే పడి విల్లు విరుగవచ్చును. పట్టినవానికి గాయమును కావచ్చును.

సామాన్యమైన వింటిని ఎంత లాగిన అంత బరువు పెరుగును. వింటి బలమును నేటికిని పౌనులలోనే చెప్పుదురు. 45 పౌనుల విల్లును పూర్తిగా లాగినవాడు గురి చూచునంతసేపును ఆ 45 పౌనులను, అనగా సుమారు 20 కిలోల బరువును, మూడు వ్రేళ్లపై నిలుపవలెను. చేయి వణకకుండ నిలుపుటయే విలుకాని మొదటి పరీక్ష.

చక్రములు వచ్చిన కథ

అమెరికాలోని మిస్సోరి రాష్ట్రమునకు చెందిన హోలెస్ విల్బర్ ఆలెన్ అనునతడు ఈ బరువును తగ్గించు ఉపాయము కనుగొనెను. వింటి కొనలయందు బావి గిలకలవంటి చక్రములను అమర్చి, 1966లో పేటెంటు కొరకు దరఖాస్తు చేసెను. 1969లో అది లభించెను. ఈ చక్రముల ఇరుసు నడుమ నుండదు, ఒక ప్రక్కకు ఒరిగి యుండును. నారిని లాగుచుండగా చక్రము తిరుగును. బరువు మొదట త్వరగా పెరిగి, కొంతసేపు అట్లే నిలిచి, చివరకు ఒక్కసారిగా తగ్గిపోవును. నూటికి 80 పాళ్లు తగ్గించు వింటిలో, 60 పౌనులు లాగినవాడు చివర నిలుపవలసినది 12 పౌనులే. దీనిని కాంపౌండు విల్లు అందురు. గురి చూచుటకు సూదులు, కంటికెదురుగా నారిలో చిన్న రంధ్రము, వ్రేళ్లకు బదులు నారిని విడుచు మీట – ఇవి దానికి తోడు.

ఈ వింటిని తక్కువ చేయుట నా ఉద్దేశము కాదు. విజయవాడ బిడ్డ వెన్నం జ్యోతి సురేఖ 2023లో చైనాలోని హాంగ్‌ఝౌ నగరమున జరిగిన ఆసియా క్రీడలలో ఈ వింటితోనే మూడు స్వర్ణ పతకములు గెలిచెను. అందొకటి మిశ్రమ జట్టు పోటీలోనిది. ఆ పోటీలో ఆమెకు జతగా నిలిచినవాడు మన విదర్భలోని నాగపూరు యువకుడు ఓజస్ దేవతళే. చక్రములున్నంత మాత్రమున పతకము రాదు. సంవత్సరముల సాధన కావలెను.

మరలివచ్చిన వేటకాండ్రు

ఇక వింతయైన సంగతి. వేటకు అనుమతి గల అమెరికా దేశమున, కాంపౌండు విల్లు కలిగియుండియు దానిని గోడకు తగిలించి, చక్రములు లేని పాత రీతి వింటిని చేపట్టువారు ఎందరో కలరు. వీరికి మార్గదర్శకులు లేకపోలేదు. 1911లో కాలిఫోర్నియాలోని ఓరోవిల్ అను ఊరికి ఒంటరిగా ఒక ఆదిమవాసి వచ్చెను. యాహి అను జాతిలో మిగిలినవాడు అతడొక్కడే. అతనిని ఇషీ అని పిలిచిరి. సాక్స్‌టన్ పోప్ అను వైద్యుడు అతనికి చికిత్స చేయుచు, స్నేహితుడై, అతనియొద్ద విల్లు చేయుటయు వేయుటయు నేర్చుకొనెను. 1916లో ఇషీ క్షయవ్యాధిచే మరణించెను. 1923లో పోప్ వింటితో వేటాడుటను గూర్చి గ్రంథము ప్రకటించెను. ఆస్పత్రిలో గొప్ప చదువు చదివినవాడు అడవివాని ముందు శిష్యుడై కూర్చుండెనని మనము గుర్తుంచుకొనవలెను.

కాంపౌండు విల్లు విడిచి పాత వింటిని పట్టినవాడు మొదట అవమానమే పొందును. మొన్నటివరకు 60 పౌనులు లాగినవాడు 40, 45 పౌనుల వింటితో మరల అక్షరాభ్యాసము చేయవలెను. ఏలయనగా చివర బరువు తగ్గదు. చక్రముల వింటిలో నారి ఒకచోటికి వచ్చి తానే ఆగును. పాత వింటిలో అట్టి హద్దు లేదు. నారిని ప్రతిసారియు చెంపపై ఒకే తావునకు తెచ్చి ఆపవలెను. ఒక అంగుళము తగ్గినను రెండు మూడు పౌనుల బలము తగ్గి బాణము క్రిందుగా పోవును. సూదులు లేవు, గురి మనస్సులోనే యుండవలెను. బాణము బరువైనది కావలెను. ప్లాస్టిక్ రెక్కలకు బదులు పక్షి ఈకలు కట్టవలెను. వింటికి రాచుకొని పోవునపుడు ఈకలు అణగి దారి ఇచ్చును. మొదట కొలదిదూరముననే పెద్ద గడ్డిమోపుపై వేసి చేయి కుదుర్చుకొని, పిదప మెల్లగా దూరమును పెంచుకొనవలెను. ఇందుకు నెలలు పట్టును.

ఇన్ని కష్టములెందుకు? వారు చెప్పు కారణములు సులభమైనవి. పాత విల్లు తేలిక. నారి తెగినయెడల అడవిలోనే చేతితో మరల కట్టుకొనవచ్చును; చక్రముల వింటికి సాధారణముగా ప్రత్యేకమైన యంత్రము కావలెను. అన్నిటికంటె ముఖ్యమైనది, పాత విల్లు మనిషిని మృగమునకు సమీపమునకు పొమ్మనును. ఎందుకో లెక్క వేసి చూతము.

లెక్క

చక్రముల వింటి బాణము సెకండుకు 300 అడుగులు, పాత వింటి బాణము 150 అడుగులు పోవుననుకొందము. మృగము 20 గజముల దూరమున, అనగా 60 అడుగుల దూరమున ఉన్నది. మొదటి బాణమునకు 0.2 సెకండు, రెండవదానికి 0.4 సెకండు పట్టును. గాలి అడ్డును విడిచి లెక్కించిన, బాణము క్రిందికి జారు దూరము కాలము × కాలము × 16 అడుగులు. మొదటిది సుమారు 8 అంగుళములు జారును. రెండవది రెండున్నర అడుగులు జారును. దూరము 40 గజములైనచో పాత వింటి బాణము పది అడుగులకు పైగా జారును! కాలము రెట్టింపైన, జారుట నాలుగు రెట్లు. దూరమును కొంచెము తప్పుగా ఊహించినను గురి తప్పును.

మరియొకటి. ధ్వని వేగము సెకండుకు సుమారు 1,100 అడుగులు. నారి మ్రోత 60 అడుగుల దూరముననున్న లేడి చెవికి సెకండులో ఇరువదవ వంతు కాలముననే చేరును. బాణము ఇంకను దారిలోనే యుండును. ఆ వ్యవధిలో బెదరిన లేడి కదలును. గుండెకు తగులవలసినది కడుపుకో తొడకో తగులును. అది వెంటనే చావదు. పొదలలోనికి పోయి గంటల తరబడి బాధపడును.

కావున పాత వింటిని పట్టిన బుద్ధిమంతుడు తనకొక హద్దు గీచుకొనును: “ఇంత దూరము లోపలనే వేయుదును, దాటినచో నారిని దింపుదును.” యంత్రము మోసిన భారమును తాను మోయుట, వేయగలిగియు వేయకుండుట – పాత వింటి విద్య అంతయు ఈ రెండు మాటలలో నున్నది.

మన అడవి, మన చట్టము

విద్యార్థులారా! ఇది చదివి వింటితో అడవికి పోవలెనని ఎవరును తలపరాదు. మన దేశమున 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టము వేటను నిషేధించినది. ఆ చట్టములో వేట అనగా చంపుట ఒక్కటే కాదు. ఉచ్చు పన్నుట, ఎర వేయుట, తరుముట, గాయపరచుట, పక్షుల గూళ్లను గ్రుడ్లను పాడుచేయుట, ఈ పనులకు ప్రయత్నించుట కూడ వేటయే. తాడోబా వంటి పులుల అడవి గల జిల్లాలో నివసించు మనము దీనిని మరింత జ్ఞాపకముంచుకొనవలెను.

అట్లయిన విల్లు వ్యర్థమా? కాదు. రాజస్థాన్‌లోని ఉదయపూరు జిల్లాకు చెందిన గిరిజన బాలుడు లింబారామ్ చిన్ననాడు వెదురు వింటితో నేర్చుకొనెను. ఆ కన్ను, ఆ చేయి అతనిని 1988, 1992, 1996 ఒలింపిక్ క్రీడలకు కొనిపోయెను. 2012లో పద్మశ్రీ లభించెను. అతడు వెదురు వింటినుండి కొత్త వింటికి పోయెను. అమెరికా వేటకాండ్రు కొత్తదానినుండి పాతదానికి వచ్చిరి. దారులు వేరైనను ఇరువురికిని పనికివచ్చినది ఒక్కటే: విల్లు మనిషికి నేర్పిన నిలుకడ.

తాతగారి మాట

ఒక ఆదివారము నేను ఆ బాలుని పల్లెకు పోతిని. తాతగారు దూలమునకు వ్రేలాడు విల్లును దింపి నా చేతికిచ్చిరి. వెదురు బద్ద, నార త్రాడు, చేయి పట్టుచోట నునుపెక్కిన నలుపు. సరిహద్దునకు ఆవల ఆదిలాబాదులో నేను ఉపాధ్యాయ శిక్షణ పొందునపుడు, వస్తువును చేతికిచ్చి మాటను నేర్పుమని మా గురువులు చెప్పెడివారు. ఆనాడు నేనే శిష్యుడనై ఒక్కొక్క భాగము పేరు అడిగి వ్రాసికొంటిని. మన విల్లు కన్నడమున బిల్లు, తమిళమున విల్. గోండీలోను విల్ అనియే యందురు. ఒక్క తల్లి బిడ్డలవలె మాటలును చుట్టములే.

“ఎంత దూరము వేసెడివారు?” అని అడిగితిని. ఆయన వాకిట నిలిచి, “ఆ ఇప్పచెట్టు దాక. అవతల ఉంటే వెయ్యద్దు” అనిరి. నేను అంగలు వేసి కొలిచితిని. ఇరువది అంగలు కాలేదు. మనము ఇంతకుముందు వేసిన లెక్కయే అది! కాగితము లేకయే ఆయనకది తెలిసినది.

ఎట్లు తెలిసినదని అడుగగా కొంతసేపు పలుకలేదు. పిదప చెప్పిరి. చట్టము రాకమునుపు, మీసము మొలచిన కొత్తలో, తోటివారి ముందు గొప్పకొరకు ఆయన దూరముగానున్న దుప్పిపై బాణము వేసిరట. అది తగిలినది, దుప్పి పడలేదు. ప్రొద్దు క్రుంకువరకు నెత్తుటి చుక్కల వెంట తిరిగిరి. దొరకలేదు. “అది యాడ పడి సచ్చిందో! గాడికెల్లి చెట్టు దాటి వెయ్యలే” అనిరి. మనుమడు గడపలో కూర్చుండి వినుచుండెను. ఆ కథ అతడును అదే మొదటిసారి వినుట.

ఆ విల్లు పొయ్యిలోనికి పోలేదు. మరునాడు బాలుడు తరగతిలో నల్లబల్లపై ఆ వింటి బొమ్మ గీచి, భాగముల పేర్లు చెప్పి, చివర ఇప్పచెట్టును గీచెను. ఎవరును నవ్వలేదు.

తల్లిదండ్రులకు నా మనవి ఒక్కటి. మీ యింట నాగలియో, బుట్టయో, విల్లో, పాతదేదియున్నను, దానిని చేసిన పెద్దలుండగనే వారి ముందు పిల్లలను కూర్చుండబెట్టుడు. వస్తువు పోయినను మరల చేయవచ్చును. చెట్టు దగ్గర ఎందుకు ఆగవలెనో చెప్పువారు పోయినచో ఎవరిని అడుగుదుము?

ప్రశ్నలు

1. పాత వింటి బాణము సెకండుకు 160 అడుగులు పోయినచో, 80 అడుగుల దూరము చేరులోపల ఎన్ని అడుగులు జారును?

2. కాంపౌండు వింటిలో చివర బరువు తగ్గుటకు కారణమేమి?

3. మీ యింటి పెద్దలను అడిగి, ఒక పాత పనిముట్టు భాగముల పేర్లను తెలుగునను, మీకు తెలిసిన మరియొక భాషలోను వ్రాయుడు.