పైరుకు క్రొత్త గుణము: వినరాని ధ్వని తోడ్పాటు

గులాబి, ద్రాక్ష వంటి మొక్కల మొదలు దగ్గర ఒక్కొక్కప్పుడు బుడిపెలు లేచును. ఈ తెగులునకు కారణమైన సూక్ష్మజీవిని 1907లో అమెరికా శాస్త్రజ్ఞులు స్మిత్, టౌన్‌సెండ్ గుర్తించిరి. నేడు దానిని అగ్రోబాక్టీరియమని పిలుచుచున్నారు. ఇది నేలలో నివసించును. మొక్కకు గాయమైనచోట ప్రవేశించి, తన జన్యువులలో కొన్నింటిని, అనగా గుణములను నిర్ణయించు అంశములను, మొక్క కణములకు అందించును. వాని ప్రేరణచేతనే బుడిపె పెరుగును.

ఈ నేర్పును శాస్త్రజ్ఞులు ఉపయోగించుకొనిరి. బుడిపె కలిగించు జన్యువులను తొలగించి, వాని స్థానమున తాము కోరిన జన్యువును చేర్చి, ఆ సూక్ష్మజీవి ద్వారానే 1983 నాటికి పొగాకు మొక్కలలో ప్రవేశపెట్టిరి.

అయితే సోయాచిక్కుడు, గోధుమ, మొక్కజొన్న వంటి పైరులలో ఈ పని సులభముగ సాగలేదు. దుక్కిలేని గట్టినేలపై కురిసిన వానవలె, సూక్ష్మజీవి కణజాలపు పైపొరలోనే నిలిచిపోవుట ఇందుకొక కారణము.

ఇచట ధ్వని తోడ్పడినది. 1997లో ఒహాయో రాష్ట్ర విశ్వవిద్యాలయమునకు చెందిన ట్రిక్, ఫైనర్ అను శాస్త్రజ్ఞులు ఒక పద్ధతిని ప్రకటించిరి. మొక్క కణజాలమును సూక్ష్మజీవులున్న ద్రవములో ఉంచి, కొద్దిసేపు అతిధ్వనిని ప్రసరింపజేయుదురు. సెకనుకు 20,000 కంపనములకు మించిన ఈ ధ్వని మన చెవికి వినరాదు. దానివలన ద్రవములో అతి సూక్ష్మమైన బుడగలు పుట్టి పగులును. ఆ తాకిడికి కణజాలములో కంటికి కానరాని గాయములు, సన్నని దారులు ఏర్పడును. దున్నిన చేనిలో నీరు ఇంకినట్లు సూక్ష్మజీవి ఆ దారులవెంట లోతునకు చేరును. చేర్చిన జన్యువు తాత్కాలికముగ పనిచేసిన జాడలు వారి ప్రయోగములలో, ఆయా కణజాలములను బట్టి, 100 మొదలు 1400 రెట్ల వరకు హెచ్చినవి.

కాని తాత్కాలికమైన జాడ వేరు, తరతరములకు నిలుచు గుణము వేరు. ధ్వని మితిమీరినచో కణములే నశించును. పిమ్మట మిగిలిన సూక్ష్మజీవులను మందులతో నిర్మూలించి, జన్యువును గ్రహించిన కణములను ఏరి, వానినుండి పూర్తి మొక్కలను పెంచవలెను.

రైతు సోదరులు గ్రహింపవలసిన విషయ మొకటి కలదు. ధ్వని ద్వారమును తెరచునే కాని, లోనికి వచ్చు జన్యువు మేలు చేయునో కీడు చేయునో నిర్ణయింపదు. ఆ నిర్ణయము పొలములందలి పరీక్షలదే. మనమెరిగిన బీటీ పత్తి మూలము కూడ, ధ్వని లేకుండనే, ఈ సూక్ష్మజీవి సాయముతో రూపొందినది. దానికి 2002లో మన దేశమున అనుమతి లభించినది క్షేత్రపరీక్షల పిమ్మటనే. అనుమతి లేని విత్తనము ఎంత గొప్పదని చెప్పబడినను, పైరు దెబ్బతిన్ననాడు రైతునకు అడుగుటకు దిక్కుండదు. కావున సంచిపై చీటీని చదివి, రసీదు పొంది, పంట ఇల్లు చేరువరకు రెంటిని భద్రపరచుకొనుట శ్రేయస్కరము.