పోయిన బాప్తిస్మపు తొట్టి

ఇంగ్లండు దేశపు పాత దేవాలయములలో పడమటి ద్వారమునకు సమీపమున నొక రాతి తొట్టి యుండును. ఊరిలో పుట్టిన బిడ్డలకు, దొర బిడ్డయైనను కూలివాని బిడ్డయైనను, బాప్తిస్మమిచ్చుట ఆ తొట్టి నీటితోనే. ఆ నీటిని మంత్రగాండ్రు దొంగిలింపకుండుటకై తొట్టికి మూతయు తాళమును ఉండవలెనని 1236 ప్రాంతమున కాంటర్బరీ ఆర్చిబిషప్పు ఎడ్మండు కట్టడ చేసెను. నీటికి తాళమా యని మనము నవ్వవచ్చును; నాటివారికది నవ్వులాట కాదు.

ఇంత భద్రముగా కాపాడిన తొట్లు ఎట్లు పోయెను? 1645లో వెలువడిన ఆరాధన క్రమము, పూర్వము తొట్లుండిన చోట బాప్తిస్మమియ్య రాదని విధించెను. ఆ కలత దినములలో పెక్కు తొట్లు వెలుపల పారవేయబడెను. మన పెద్దపల్లి ప్రాంతమున పశువులు కుడితి త్రాగు గోలెమును చూచినవారికి తక్కిన కథ చెప్పనక్కరలేదు. స్ట్రాట్‌ఫర్డు దేవాలయపు పాత తొట్టి కొంతకాలము నీళ్లకుండీగా బ్రతికి, పగిలిన ముక్కగా మరల ఆలయము చేరినది. షేక్స్పియరు 1564 ఏప్రిల్ 26న బాప్తిస్మము పొందినది ఆ దేవాలయముననే.

దేవాలయమే లేకున్నచో తొట్టి నడుగువారెవరు? 1666 లండను అగ్నిప్రమాదమున సుమారు 87 దేవాలయములు కాలిపోగా 51 మాత్రమే మరల కట్టబడెను. తక్కిన పారిష్‌లను పొరుగువానిలో కలిపిరి. అయినను వానిలో కొన్నింటి బాప్తిస్మపు రిజిస్టర్లు నేటికిని ఉన్నవి. 1538లో థామస్ క్రామ్వెల్ ఆజ్ఞచే ఈ వ్రాత మొదలయ్యెను. షేక్స్పియరు బాప్తిస్మ దినమును మనకు తెలిపినదియు రాయి కాదు, రిజిస్టరే.

తొట్టియే లేని బాప్తిస్మమును మన తెలుగు దేశము చూచినది. 1876 మొదలు 1878 వరకు కరవు పీడింపగా, ఒంగోలు బాప్తిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ త్రవ్వకములో కొంత భాగము గుత్తకు తీసికొని, ఆకలిగొన్నవారికి కూలిపని కల్పించెను. కూటికొరకు మతము పుచ్చుకొందురేమో యని ఆ కాలమున బాప్తిస్మములను నిలిపివేసెను. కూలి యిచ్చు చేతితోనే బాప్తిస్మ మిచ్చుటకు ఆయన వెనుదీయుట మాకు మిక్కిలి గొప్పగా తోచుచున్నది. పిదప 1878 జూలై 3న వెల్లంపల్లి యొద్ద గుండ్లకమ్మ నదిలో ఒక్క దినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. బాప్తిస్టులు నీట ముంచి యిచ్చువారు గనుక నదియే వారికి చాలెను. ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున వంతులవారీగా నీటిలో నిలిచి, ఆ పని నెరవేర్చిరి. క్లౌ దొర తానుగా ఒక్కరికిని ఇయ్యలేదు.