తల్లికి జీతమిచ్చిన రాజకుమారి



నిరుడు ఆగస్టులో, మరియమాత మోక్షారోపణ పండుగ గడిచిన వారంలో, మా జిల్లా కేంద్రంలో రెండు రోజుల సదస్సు ఒకటి జరిగింది. పిల్లలకు, కుటుంబాలకు అందవలసిన సేవలను అందరూ కలిసి ఎట్లా మెరుగుపరచాలన్నది దాని విషయం. విచారణ గురువులు కొందరు తప్పక వెళ్లాలని పీఠం నుండి కబురు వచ్చింది గనుక వెళ్లాను. నిజం చెప్పాలంటే ఇష్టపడి వెళ్లలేదు. సదస్సు అంటే శాలువాలు, జ్యోతి వెలిగించటం, ఆలస్యంగా వచ్చే ముఖ్య అతిథి, చల్లారిన భోజనం. ముప్పై ఏళ్లుగా చూస్తున్నదే. మొదటి పూట అట్లాగే గడిచింది. దాన్ని గూర్చి వ్రాయను.

మధ్యాహ్నం నుండి మాత్రం వేదిక ఖాళీ చేసి కుర్చీలు గుండ్రంగా వేశారు. అంగన్‌వాడీ టీచర్లు, ఏఎన్ఎమ్‌లు, ఆశా కార్యకర్తలు, బడి పంతుళ్లు, ఒక సబ్ ఇన్‌స్పెక్టరు, బాలల సంక్షేమ సమితి సభ్యురాలు, జిల్లా బాలల పరిరక్షణ విభాగం ఉద్యోగులు, అనాథ పిల్లలను పెంచుతున్న మఠకన్యలు, ఇతర సంఘాల పాస్టర్లు, నేను. ఒక గ్రామాన్ని తీసుకొని, ఆ ఊరిలో కష్టంలో ఉన్న ఒక ఇంటిని పేరు చెప్పకుండా వర్ణించమన్నారు. మా మండలపు అంగన్‌వాడీ టీచరమ్మ లేచింది. రెండేళ్లుగా బరువు పెరగని చంటిపిల్ల గూర్చి చెప్పింది. ఏఎన్ఎమ్ అందుకొని, ఆ పిల్ల తల్లికి రక్తం చాలా తక్కువగా ఉందని, ఆసుపత్రికి రమ్మంటే కూలి పోతుందని రాదని చెప్పింది. ఆ ఇంటి పెద్దకొడుకు మిరపకోతల కాలంలో బడికి రావటం మానేశాడని పంతులుగారు అన్నారు. అప్పుడు నాకు వెలిగింది. ఆ ఇల్లు నాకు తెలుసు. ఆ ఇంటి యజమాని త్రాగుడు మానాలని ప్రార్థించమంటూ ఆయన తల్లి నా దగ్గరకు ఎన్నిసార్లు వచ్చిందో!

నలుగురం ఒకే గడప దగ్గరకు వెళ్తున్నాము. నాలుగు పుస్తకాల్లో నాలుగు సంగతులు వ్రాసుకున్నాము. ఒకరి పుస్తకం ఇంకొకరు చూడలేదు.

సెమినరీలో తత్త్వశాస్త్రం చదివే రోజుల్లో పునీత తోమాస్ అక్వినాసు వారి వివేకమనే సుగుణాన్ని గూర్చి పాఠం విన్నాము. వివేకంలోని భాగాలలో ఒకటిగా ఆయన డోచీలితాస్ అనే లాటిను మాటను చెబుతారు. ఎదుటివారి నుండి నేర్చుకోవటానికి సిద్ధంగా ఉండటం అని దాని భావం. ఆయన తర్కం ఇది: మనం చేయవలసిన పనులలో పరిస్థితులు లెక్కలేనన్ని రకాలుగా ఉంటాయి. ఒక్కడే వాటన్నిటినీ తక్కువ కాలంలో చూడలేడు. కాబట్టి ఎంత చదివినవాడైనా ఇతరులచేత, ముఖ్యంగా అనుభవమున్న పెద్దలచేత, బోధింపబడవలసిందే. నేను ఆ పాఠం బాగానే అప్పజెప్పి మార్కులు తెచ్చుకున్నాను. కాని నాకంటే ఎక్కువ తెలిసినవారిలో అంగన్‌వాడీ టీచరమ్మ ఒకరని గ్రహించటానికి ఇన్నేళ్లు పట్టింది. మన దేశంలో 1975 అక్టోబరు 2న సమగ్ర శిశు అభివృద్ధి పథకం మొదలైంది. పౌష్టికాహారం, టీకాలు, ఆరోగ్య పరీక్ష, అవసరమైతే పెద్ద ఆసుపత్రికి పంపటం, తల్లులకు ఆరోగ్య బోధ, బడికి ముందటి చదువు, ఈ ఆరూ ఆ చిన్న గదిలోనే జరగాలి. మన దేవాలయం ప్రక్కనే ఉన్న ఆ గదిలోనికి నేను గుమ్మం దాటి వెళ్లింది రెండుసార్లే, అదీ జెండా పండుగకు.

ఇక నన్ను రాత్రి నిద్రపోనివ్వని సంగతికి వస్తాను.

మూడేళ్ల క్రితం మన విచారణలో ఒక చిన్నవయసు భర్త చనిపోయాడు. భార్య కూలికి వెళ్లే మనిషి. ఆడపిల్ల, వెనుక ఒక మగపిల్లవాడు. సమాధి చేసిన నెల తరువాత ఆమె నా దగ్గరకు వచ్చి కూర్చుంది. నేను అలవాటు ప్రకారం కాగితం తీసి, దూరాన ఉన్న ఒక హాస్టలుకు సిఫారసు ఉత్తరం వ్రాశాను. పది నిమిషాలు కూడా పట్టలేదు. ఉత్తరం చేతికి తీసుకుంటూ ఆమె, “పిల్లలు నా దగ్గరే ఉండేటట్టు ఇంకో దారి ఏమీ లేదా, ఫాదర్ గారూ?” అని అడిగింది. “దేవుడు చూపిన దారి ఇదేనమ్మా” అన్నాను. ఆ మరుసటి క్రిస్మసుకు పిల్లలు ఇంటికి వచ్చారు. సెలవులు అయిపోయి బయలుదేరే రోజున మగపిల్లవాడు కనబడలేదు. గుడిలో పశువులపాక బొమ్మల వెనుక గడ్డిలో దాక్కొని ఉన్నాడు. ఉపదేశిగారు చెయ్యి పట్టి లేపి బస్సెక్కించారు. నేనూ చూస్తూ నిలబడ్డాను.

సదస్సు రెండవ రోజున పరిరక్షణ విభాగపు ఉద్యోగిని 2015 నాటి బాలల న్యాయ చట్టాన్ని వివరించింది. బిడ్డను సంస్థలో చేర్చటం ఆఖరి మార్గంగానే ఉండాలన్నది ఆ చట్టపు మూలసూత్రాలలో ఒకటి. బిడ్డకు మొదటి చోటు కుటుంబమే. పేదరికం వల్ల పిల్లలను దూరం చేసుకోవలసిన స్థితిలో ఉన్న ఇంటికి సాయం ఇచ్చి బిడ్డను అక్కడే పెరగనివ్వటాన్ని స్పాన్సర్‌షిప్ అంటారు. మిషన్ వాత్సల్య క్రింద 2022లో వచ్చిన మార్గదర్శకాల ప్రకారం బిడ్డకు నెలకు 4,000 రూపాయలు. తల్లి వితంతువైనా, భర్త విడిచిపెట్టినదైనా, తల్లిదండ్రులు ప్రాణాంతకమైన జబ్బుతో ఉన్నా, తల్లిదండ్రులు లేక బంధువుల ఇంట పెరుగుతున్నా అడగవచ్చు. కుటుంబ ఆదాయం పల్లెల్లో ఏడాదికి 72,000, ఇతర చోట్ల 96,000 రూపాయలు మించరాదు. జిల్లా కలెక్టరు అధ్యక్షతన ఉండే కమిటీ మంజూరు చేస్తుంది.

ఆమె చదువుతూ ఉండగా నాకు నిర్గమకాండం రెండవ అధ్యాయం తట్టింది. మోషేను తల్లి మూడు నెలలు దాచి, ఇక దాచలేక, జమ్ము బుట్టకు కీలు పూసి నదిలో పెట్టింది. ఫరో కుమార్తె బుట్టను తెరిపించి, ఏడుస్తున్న బిడ్డను చూసి జాలిపడింది. ఎన్నో ప్రసంగాలలో నేను ఇక్కడే ఆగి దేవుని సంరక్షణను గూర్చి మాట్లాడాను. తరువాత జరిగినది చూడండి. దూరం నుండి కనిపెట్టి చూస్తున్న అక్క ముందుకు వచ్చి, పాలిచ్చే స్త్రీని పిలుచుకొని రానా అని అడిగింది. వెళ్లి పిలుచుకొని వచ్చింది ఎవరిని? బిడ్డ కన్నతల్లినే. రాజకుమారి ఆమె చేతికే బిడ్డను ఇచ్చి, పెంచు, నీకు జీతం ఇస్తాను అన్నది. బిడ్డ తల్లి ఒడిలోనే ఉన్నాడు, ఖర్చు రాజు ఇంటిది. ఈ జీతం ముక్కను నేను ఒక్కసారి కూడా ప్రసంగించలేదు.

అయితే ఆ మధ్యాహ్నం ఒక సిస్టర్ గారు లేచి అడ్డు చెప్పారు. మా బోర్డింగులు లేకపోతే ఈ జిల్లాలో ఎంతమంది నర్సులు, టీచర్లు తయారయ్యేవారు కాదో తెలుసా అని ఆమె ప్రశ్న. ఆమె మాటలో నిజముంది. నేనే బోర్డింగులో చదివినవాణ్ణి. మా ఊరిలో అయిదవ తరగతి తరువాత బడి లేదు. ఆ అన్నం తినకపోతే ఈ రోజు ఈ వ్యాసం వ్రాసేవాణ్ణి కాను. ఇంట్లో కొట్టి హింసించే తండ్రి ఉన్నప్పుడు, ఎవ్వరూ లేనప్పుడు, పిల్లలకు ఆశ్రయం కావాలి. అటువంటి గృహాలు చట్టప్రకారం నమోదై ఉండాలి, బిడ్డను ఇరవై నాలుగు గంటలలోగా బాలల సంక్షేమ సమితి ముందుకు తీసుకువెళ్లాలి. చదువు కోసం వెళ్లటం ఒకటి, తల్లి దగ్గర అన్నం లేదని వెళ్లటం వేరొకటి అని నేను సిస్టర్ గారితో అన్నాను. ఆమె కొంచెంసేపు ఆలోచించి, “రెండవ రకం పిల్లలే మా దగ్గర ఎక్కువ, ఫాదర్” అన్నారు.

సబ్ ఇన్‌స్పెక్టరుగారు చెప్పినది కూడా ఒకటి ఇక్కడ వ్రాయాలి. పిల్లలపై లైంగిక అత్యాచారం జరిగిందని తెలిసిన ఎవరైనా పోలీసులకు చెప్పి తీరాలి. 2012 నాటి పోక్సో చట్టం క్రింద చెప్పకపోవటమే నేరం, ఆరు నెలల వరకు జైలు ఉండవచ్చు. ఇంటి పరువు అంటూ సంఘపెద్దలు రాత్రిపూట కూర్చొని రాజీ చేయటం మన పేటల్లో ఇంకా పోలేదు. 1098కి పిల్లలైనా పెద్దలైనా డబ్బు లేకుండా ఫోను చేయవచ్చు. మరియదళ సభ్యులు గృహ సందర్శనకు వెళ్లినప్పుడు ఈ నెంబరును అన్ని ఇళ్లలోనూ చెప్పాలి.

తిరిగి వచ్చిన మూడవ రోజున టీచరమ్మను వెంటబెట్టుకొని ఆ తల్లి ఇంటికి వెళ్లాను. మూడేళ్ల క్రితం నీవు అడిగినదానికి నేను తెలియక తప్పు జవాబు చెప్పానమ్మా అన్నాను. ఆమె ఏమీ అనలేదు, కుర్చీ తుడిచి వేసింది. కాగితాలకు నాలుగు నెలలకు పైగా పట్టింది. మరణ ధృవీకరణ పత్రంలో భర్తకు ఒక పేరు, రేషను కార్డులో ఇంకొక పేరు, మన రిజిస్టరులో జ్ఞానస్నానపు పేరు. ఎమ్మార్వో ఆఫీసుకు మూడుసార్లు నేనే వెళ్లాను. ఈ జనవరిలో మంజూరైంది. వేసవి సెలవులకు వచ్చిన పిల్లవాడు ఇప్పుడు మన ఊరి జిల్లా పరిషత్తు హైస్కూలులో చదువుతున్నాడు. అక్క మాత్రం పదవ తరగతి అయ్యేదాకా హాస్టలులోనే ఉంటానన్నది. అక్కడ ఆమెకు లెక్కలు బాగా చెప్పే సిస్టర్ ఉన్నారట. అదీ మంచిదే.

మన విచారణలో ఇటువంటి ఇళ్లు ఇంకా ఉన్నాయని ఉపదేశిగారి లెక్క. ప్రతి నెల రెండవ శనివారం సాయంత్రం నాలుగింటికి గురుగృహం వరండాలో టీచరమ్మ, ఏఎన్ఎమ్, హైస్కూలు పంతులుగారు, నేను కూర్చుంటాము. వచ్చేవారు బిడ్డ ఆధార్, తల్లి ఆధార్, బ్యాంకు పుస్తకం, రేషను కార్డు, బడి నుండి స్టడీ సర్టిఫికెట్, ఆదాయపు పత్రం, భర్త చనిపోయి ఉంటే ఆ పత్రం తీసుకొని రండి. పేర్లు అన్నిటిలో ఒకటిగా ఉన్నాయో లేదో ముందే చూసుకోండి. పత్రాలు లేనివారు కూడా రండి, ఏది ఎక్కడ దొరుకుతుందో చెబుతాము. ఏ సంఘంవారైనా, ఏ మతంవారైనా రావచ్చు.