గాలిలో నిలబడే విద్య



చెరువు గట్టున ఎగిరే తూనీగను మీరెప్పుడైనా గమనించారా? అది ఒక్కొక్కసారి ముందుకు పోదు, వెనుకకు రాదు. గాలిలో ఉన్నచోటనే నిలిచి ఉంటుంది. చూసేవారికి విశ్రాంతి తీసుకొంటున్నట్లు తోస్తుంది. కాని దాని రెక్కలు క్షణమైనా ఆగవు. రేడియో తరంగాలతో నడిచే నమూనా హెలికాప్టరు కూడ అటువంటిదే. దానిని గాలిలో కదలకుండా నిలపడమే మొదటి పాఠం. అది చాలా కష్టమైన పాఠం కూడ.

నమూనా అంటే ఏమిటి?

బెల్ 206 జెట్ రేంజర్ అనే హెలికాప్టరును ఉదాహరణగా తీసుకొందాం. దాని ప్రధాన రెక్కలు తిరిగే వలయపు వ్యాసం 10.16 మీటర్లు. అదే రూపంలో చేసే మధ్యరకం నమూనాలో ఒక్కొక్క రెక్క పొడవు 600 మిల్లీమీటర్లు. వలయపు వ్యాసం సుమారు 1.35 మీటర్లు. అనగా అసలుదానిలో ఏడున్నరవ వంతు. కిటికీలు, తలుపులు, రంగులు కూడ ఆ నిష్పత్తిలోనే ఉంటాయి.

ఎలా ఎగురుతుంది?

మోటారు ప్రధాన రెక్కలను దాదాపు ఒకే వేగంతో తిప్పుతుంది. పైకి లేవాలంటే వేగం కాక, రెక్కల వాలు పెంచాలి. అప్పుడు రెక్కలు గాలిని మరింత బలంగా క్రిందికి నెడతాయి. గాలి వాటిని పైకి నెడుతుంది. ఇదే న్యూటన్ మూడవ సూత్రం.

ఆ సూత్రం వల్లనే ఒక చిక్కు కూడ వస్తుంది. రెక్కలు ఒక దిక్కుకు తిరిగితే, శరీరం ఎదురు దిక్కుకు బొంగరంలా తిరగబోతుంది. దానిని ఆపడానికే తోక చివర చిన్న రెక్కలు ఉన్నాయి.

కుడి ఎడమల చిక్కు

హెలికాప్టరు తోక మీవైపు ఉన్నప్పుడు మీ కుడి, దాని కుడి ఒక్కటే. ముక్కు మీవైపు తిరిగితే, దాని కుడి మీకు ఎడమ అవుతుంది. మీరు మీటను కుడికి త్రోస్తే అది మీ ఎడమకు పోతుంది! కంగారుపడి తప్పు దిక్కుకు త్రోస్తే క్షణాలలో నేల కూలుతుంది. అందుచేత నేర్చుకొనేవారు మొదట కంప్యూటరు తెరమీద సాధన చేస్తారు. పిదప మైదానంలో తోకను తమవైపు ఉంచి, ఆపైన ప్రక్కకు తిప్పి, చివరకు ముక్కును తమవైపు తిప్పి నిలపడం అభ్యసిస్తారు.

ఇది ఆటబొమ్మ కాదు

ఒక లెక్క చేద్దాం. రెక్కలు నిమిషానికి 1,500 సార్లు, అనగా సెకనుకు 25 సార్లు తిరుగుతున్నాయనుకోండి. ఒక చుట్టులో రెక్క కొన సుమారు 4.24 మీటర్లు పోతుంది. 25తో గుణిస్తే సెకనుకు 106 మీటర్లు. గంటకు సుమారు 380 కిలోమీటర్లు! అటువంటి రెక్క తగిలితే ప్రాణమే పోవచ్చు.

కాబట్టి ఎగురవేసే ముందు ప్రతిసారీ మరలు బిగువుగా ఉన్నాయో లేవో, రెక్కలకు పగుళ్ళు ఉన్నాయో లేవో చూడాలి. ఉబ్బిన బ్యాటరీని వాడకూడదు. ఛార్జి అవుతున్న బ్యాటరీని విడిచి వెళ్ళకూడదు. మనుషులకు దూరంగానే ఎగురవేయాలి.

మనం నివసించే అమెరికాలో 250 గ్రాములకు మించిన నమూనాను సమాఖ్య విమానయాన సంస్థ వద్ద నమోదు చేయించి, ఆ సంఖ్యను దానిపై వ్రాయాలి. 13 ఏళ్ళు నిండనివారి తరఫున పెద్దవారు నమోదు చేయించాలి. ఎగురవేసేవారు ట్రస్ట్ అనే ఉచిత భద్రతా పరీక్షలో ఉత్తీర్ణులు కావాలి. హెలికాప్టరు ఎప్పుడూ కంటికి కనబడుతూ ఉండాలి. విమానాశ్రయాల సమీపంలో ముందుగా అనుమతి పొందాలి.

విద్యార్థులారా! సెలవురోజున ఎంతో ఆశతో మైదానానికి వెళ్ళారు. ఒక మర వదులైనట్లు కనబడింది. చుట్టూ మిత్రులు “ఎగురవేయి, ఎగురవేయి” అంటున్నారు. అప్పుడు “నేడు వద్దు” అని చెప్పి ఇంటికి తిరిగి రాగలవాడే నిజమైన చోదకుడు.

కొత్త పదాలు
వాలు: ఏటవాలుగా ఉండడం
మీట: యంత్రాన్ని నడపడానికి కదిలించే పుల్ల
కొన: చివరి భాగం
చోదకుడు: నడిపేవాడు

అభ్యాసం
1. తోక రెక్కలు లేకపోతే ఏమి జరుగుతుంది?
2. ముక్కు మీవైపు ఉన్న హెలికాప్టరు మీ కుడికి రావాలంటే మీటను ఎటు త్రోయాలి?
3. రెక్కలు నిమిషానికి 1,200 సార్లు తిరిగితే కొన వేగమెంత?
4. మీరు “నేడు వద్దు” అనవలసి వచ్చిన ఒక సందర్భాన్ని ఐదు వాక్యాలలో వ్రాయండి.