కొత్త జూనియర్ అసిస్టెంట్‌కు ఫైలు అప్పగించే ముందు

చూపులేని జూనియర్ అసిస్టెంట్ మా సెక్షన్‌కు వస్తున్నారని ఆర్డరు రాగానే, ఆయనకు ఏ పని తప్పించాలా అని పక్క సీటు సూపరింటెండెంటుతో మంతనాలాడాను. మాట్లాడాల్సింది ఆయనతోనని తర్వాత తెలిసొచ్చింది. కాబట్టి మొదటి మెట్టు అదే.

చేరిన రోజున, నలుగురిలో కాకుండా పక్కకు పిలిచి, "ఇక్కడ ఏం ఏర్పాటు చేస్తే మీకు వీలండీ?" అని అడగండి. చూపు ఎప్పుడు పోయింది, ఎలా పోయింది అనే ఆరాలు వద్దు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 20వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ కార్యాలయం తగిన సర్దుబాట్లు చేసి తీరాలి. ఆయన అడిగినవి నోట్‌ఫైల్లో పెట్టి మంజూరు చేయించండి. మీ దయలోంచి తీసి ఇవ్వకండి.

తర్వాత కంప్యూటర్. తెరమీది రాతను చదివి వినిపించే ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ ఉచితం. చూపులేని ఆస్ట్రేలియా యువకుడు మైకేల్ కరన్ 2006లో దీన్ని మొదలుపెట్టాడు. గొంతు మరబొమ్మలా ఉన్నా తెలుగూ చదువుతుంది. దీన్ని ఎక్కించి ఇయర్‌ఫోన్స్ ఇవ్వడం ఒక పూట పని.

అసలు తంటా ఫైళ్లతో. పాత సర్క్యులర్ ఒకటి తెరిచి, మానిటర్ ఆపేసి మీరే వినండి. ఉత్త స్కాన్ పీడీఎఫ్ అయితే నిశ్శబ్దం, ఎందుకంటే అది కాగితం ఫొటో. అను ఫాంట్‌లో కొట్టిందైతే మరీ చిత్రం. మన కంటికి 'ఉత్తర్వులు' అని కనబడేది కంప్యూటర్ లెక్కలో ఇంగ్లిషు అక్షరాలు, పిచ్చి గుర్తులు. స్క్రీన్ రీడర్ వాటినే వల్లిస్తుంది. యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లున్నాయి గానీ ఒత్తులు చెదురుతాయి, సరిచూసుకోవాలి. బీరువా మొత్తం మార్చబోతే ఏళ్లు పడుతుంది. ఆయన సీటుకు చెందిన ఇటీవలి ఫైళ్లతో మొదలెట్టండి. మేమిద్దరం కలిసే సరిచూశాం. నా కన్ను దాటేసిన ఒత్తుల్ని ఆయన చెవి పట్టేసింది.

కొత్తగా రాసేవాటికి ఇంత బాధ లేదు. వర్డ్‌లో శీర్షికను బోల్డ్ చేసి వదిలేయక హెడింగ్ స్టైల్ పెడితే, ఆయన ఒక్క కీతో శీర్షిక నుంచి శీర్షికకు దూకుతారు. ఎక్సెల్‌లో గడులు కలిపేయొద్దు. 'ఎర్రగా ఉన్నవి పెండింగ్' అంటే కుదరదు. పక్క కాలమ్‌లో పెండింగ్ అని రాయాలి. మీటింగుల్లో మాట్లాడేవారు ముందు పేరు చెప్పాలి. మా వాళ్లకు ఇది అలవాటు కావడానికి నెల పట్టింది, నాకు ఇంకొంచెం ఎక్కువే.

చివరిది, పని పంచడం. పాపం అనుకుని రెండు వారాలు ఫోన్లు ఎత్తే పనొక్కటే ఇచ్చాను. ఓ రోజు ఆయనే వచ్చారు.

"సార్, నా సీటుకు తపాలు ఎప్పటినుంచి వేస్తారు?"

ఆ మధ్యాహ్నమే పదకొండు పంపాను. వాటిలో మూడు స్కాన్ కాపీలు. సాయంత్రానికి ఆ మూడూ తిరిగి నా టేబుల్ మీదికే వచ్చాయి, 'చదవగలిగే ప్రతి కావలెను' అన్న నోట్‌తో.