“అయ్యో” అను మాట

పాఠ్యభాగములు: 2 రాజులు 6:1-7, ప్రకటన 18:9-19, 2 కొరింథీయులకు 7:10



ఇంగ్లీషు చదువుకొను మన పిల్లలు 1611వ సంవత్సరపు కింగ్ జేమ్స్ బైబిలును తెరచినయెడల “అలాస్” అను మాట పలుచోట్ల కనబడును. పై రెండు కథాభాగములలోను మన తెలుగు బైబిలు దానికి “అయ్యో” అనుచున్నది.

ఆ మాట పాత ఫ్రెంచి భాషనుండి ఇంగ్లీషులోనికి వచ్చెను. అందులోని “లాస్” అను భాగమునకు మూలము, అలసినవాడు అను అర్థముగల లాటిను మాట. కాబట్టి అది మొదట అలసినవాని మొఱ్ఱ.

ఇప్పటి ఇంగ్లీషువారు మాటలాడునప్పుడు దానిని అరుదుగా వాడుదురు. వాడినను, చిన్న నిరాశను నవ్వుతో చెప్పుటకే తరచుగా వాడుదురు. కనుక మన యువకులు చావు జరిగిన ఇంటికి ఇంగ్లీషులో ఉత్తరము వ్రాయునప్పుడు దానిని పెట్టకుండుట మేలు. అది నాటకములోని పలుకువలె తోచి, దుఃఖించువారిని నొప్పింపవచ్చును. “ఐ యామ్ సారీ” అను సాదామాటయే అక్కడ తగును.

మన “అయ్యో” పాతబడలేదు. దినమునకు ఎన్నిసార్లో పలుకుదుము. అయితే ఎందునిమిత్తము పలుకుచున్నాము? ఎవరితో పలుకుచున్నాము?

యొర్దాను నదియొద్ద మ్రాను నరుకుచున్న ప్రవక్తల శిష్యునొకని గొడ్డలి ఊడి నీటిలో పడెను. అది ఎరవు తెచ్చినది. ఎరవు వస్తువు పోగొట్టుకొన్న బీదవాని సిగ్గు మన పల్లెలలో ఎవరికి తెలియదు? అతడు దాచలేదు, ఎలీషాతో “అయ్యో” అని మొఱ్ఱపెట్టెను. ఎక్కడ పడెనని దైవజనుడు అడుగగా ఆ స్థలమును చూపెను. ఇనుము తేలెను, అతడు చెయ్యి చాపి తీసికొనెను.

బబులోను కూలినప్పుడు దాని వర్తకులును “అయ్యో, అయ్యో” అనిరి. అయితే వారు దూరముగా నిలిచిరి. తమ సరకులు కొనువారు లేరనియే యేడ్చిరి. తమ పాపమును గూర్చి వారి నోట ఒక్క మాటయు రాలేదు.

మాట ఒక్కటే, దుఃఖములు రెండు. దేవుని చిత్తానుసారమైన దుఃఖము మారుమనస్సు కలిగించుననియు, లోకసంబంధమైన దుఃఖము మరణము కలిగించుననియు పౌలు బోధించెను. పంట పోయినందుకు, అప్పు పెరిగినందుకు ఏడ్చుట తప్పు కాదు. కాని దూరముగా నిలిచి ఏడ్చుట చాలదు. ప్రభువునొద్దకు వచ్చి, పడిన చోటు చూపవలెను. అబద్ధమాడిన చోటు, అన్నదమ్ముని గట్టు జరిపిన చోటు ఆయనకు చూపుదము. జరిపిన గట్టును తిరిగి పెట్టుదము. అలసినవారిని తనయొద్దకు రమ్మని పిలిచినవాడు ఆయనే గదా.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. శిష్యుని “అయ్యో”కును వర్తకుల “అయ్యో”కును భేదమేమి?
2. ఈ నెలలో మనము ప్రభువునకు చూపవలసిన “పడిన చోటు” ఏది?